చిక్కటి షోర్వ

భువనగిరి
18 నవంబర్ 2022

తమ్ముడు విజేందర్‌కు,

అక్క ఎస్తేరు దీవెనలు. ప్రభువు నిన్నూ, మరదలు కోమలనూ, నా మేనకోడలు నవనీతనూ చల్లగా చూడాలి. చల్లగా అని రాశాను గాని ఈ చలికి ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. పొద్దున లేస్తే గుట్ట కనపడదు, గుట్ట మీది ఖిల్లా కనపడదు. మంచు పోయేసరికి తొమ్మిదవుతోంది.

నిన్ను హైదరాబాద్ దవాఖాన నుంచి మేళ్లచెరువు బస్సెక్కించి వచ్చిన కాడి నుంచి నా మనసు అక్కడే ఉంది. ఫోను చేద్దామంటే నువ్వు మాట్లాడలేవు. నా ఒక్కదాని గొంతే నాకు వినిపిస్తుంది. మెసేజ్ పెడదామంటే నాది చిన్న ఫోను, అక్షరాలు చీమల్లా ఉంటాయి. అందుకే కాగితం పట్టుకున్నాను. నువ్వూ రాయి. నీ చేతిరాత చిన్నప్పటి నుంచి నాకంటే మంచిది.

డాక్టరమ్మ చెప్పింది కోమల విన్నదో లేదో, ఆ రోజు ఏడుస్తూనే ఉంది. అందుకే మళ్లీ రాస్తున్నాను. సగం నాలుక తీశారు, గాయం మానుతోంది. ముక్కులో పైపు తీసేశారు కాబట్టి ఇక నోటితోనే తాగాలి. వచ్చే నెల ఇరవై తొమ్మిదిన చూపించుకునే నాటికి బరువు పెరగాలి. మనిషి ఇట్లాగే ఎండిపోతే కరెంటు, అదే రేడియేషన్, పెట్టలేమంది. ఆ కరెంటు పెట్టకపోతే జబ్బు మళ్లీ మొలుస్తుందట.

సూపు పట్టమంది. సూపంటే మన షోర్వనే. నీళ్లలా పలచగా ఉండకూడదు, పలచనిది గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంబలిలా చిక్కగా ఉండాలి. కోమలకు చెప్పు: మేక బొక్కలు కడిగి, అల్లం, ఎల్లిగడ్డ, పసుపు వేసి, మూలుగ కరిగి పైకి తేలేదాకా కుక్కర్లో ఉడకనివ్వాలి. బొక్కలు తీసేసి ఆ నీళ్లలో గుమ్మడి ముక్కలు, ఆలుగడ్డ మెత్తగా ఉడికించి, మిక్సీలో తిప్పి, చాయ జాలీలో వడగట్టాలి. మిరపకాయ ముట్టొద్దు. గోరువెచ్చగా, నిటారుగా కూర్చుని, గదవ ఛాతీకి తగిలేలా కిందికి వంచి మింగాలి.

నువ్వు నాకంటే పదేళ్లు చిన్నోడివి. నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని. నా మాట విను.

నీ అక్క,
ఎస్తేరు


మేళ్లచెరువు
23 నవంబర్ 2022

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. తాగుతున్నాను. ప్రస్తుతానికి పప్పు నీళ్లే. ఫికర్ పెట్టుకోకు.

ఇక్కడ చలి, సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము కలిసి రేకుల మీద పొద్దున్నే ముద్దలా పడుతున్నాయి. నాతో క్రషర్ దగ్గర పనిచేసే భిక్షం చూడ్డానికి వచ్చాడు. ఉన్నంతసేపు చెవిటోడితో మాట్లాడినట్టు అరిచి అరిచి మాట్లాడాడు. "అన్నా, మంచిగైతది, ధైర్నంగుండు!" అని వాడు మా గోడలు అదిరేలా చెప్తుంటే నవనీత లోపలికి పోయి నవ్వుకుంది. నా చెవులకేం కాలేదని పలక మీద రాసి చూపించాను. "సరే అన్నా!" అని ఇంకా గట్టిగా అరిచాడు.

ఉంటాను.

విజేందర్


భువనగిరి
27 నవంబర్ 2022

తమ్ముడా,

పప్పు నీళ్లా?

ఉత్తరం చదివి పొయ్యి మీద చాయ పొంగిపోతున్నా లేవలేదు. నేను అంత వివరంగా రాస్తే నీకు దొరికేది పప్పు నీళ్లా? నవనీతకు పదో తరగతి, పిల్లను అడగను. మరి కోమలకేమైంది? నాలుగు బొక్కలు ఉడకబెట్టి తిప్పడం అంత బరువైందా? పత్తి ఏరడానికి పోతుందని తెలుసు. పని అందరికీ ఉంటుంది. మొగుడు ఎండిపోతుంటే పత్తి ఆగదా? చేత కాకపోతే చేత కాదని చెప్పమను, నేనొచ్చి చేస్తాను.

గుట్ట కింద గొర్ల మంద ఉన్న సైదులు తెలుసు కదా. నీ సంగతి చెప్తే మేక కాళ్లు తీసి ఇచ్చాడు. ఆయన భార్య బీరమ్మ తానే మంట మీద కాల్చి, తెల్లగా గీకి, "గీ కాళ్ల షోర్వ తాగితె మీ తమ్ముడు గుట్టెక్కుతడు" అంది. మా ఇంటి ముందు నుంచి మీ ఊరి పక్క కోదాడకు పోయే వ్యాను డ్రైవరుకు సంచి ఇస్తున్నాను. ఉలవలు, రాగిపిండి, ఈ ఉత్తరం కూడా అందులోనే పెడుతున్నాను. అందగానే వండాలి.

నా మాట కఠినంగా ఉంటే ఉండనీ. మెత్తగా చెప్పే టైము కాదిది.

ఎస్తేరు


మేళ్లచెరువు
3 డిసెంబర్ 2022

అక్కా,

సంచి అందింది. అందులోనే నీ ఉత్తరం కూడా ఉంది. నేను పండుకుని ఉంటే కోమల తీసుకుంది, నవనీతతో చదివించుకుంది. పిల్ల మధ్యలో ఆపితే, "పూరా చదువు" అందట.

ఆ రోజే కాళ్ల షోర్వ పెట్టింది. ఇంటి నిండా వాసన. నువ్వు చెప్పినట్టే తిప్పింది, వడగట్టింది. గిన్నె నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. నేను చెంచా పట్టుకోలేదు. గిన్నె ఇంకొంచెం నా వైపు జరిపి అన్నది: "ఇప్పుడు మీ అక్కకు రాయి. వండనిది ఎవరో, తాగనిది ఎవరో నిజం రాయి."

అందుకే రాస్తున్నాను. కోమల తప్పు లేదక్కా. దవాఖాన నుంచి వచ్చిన మరునాటి నుంచే ఆమె బొక్కల షోర్వ చేస్తోంది. పప్పు నీళ్లు నేనడిగినవి. పలచగా ఉంటే తొందరగా దిగుతుందనుకున్నాను. దిగలేదు, దగ్గొచ్చింది. ఆమె మళ్లీ చిక్కగా చేసేది. ఆమె పనికి పోగానే నేను పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పోసేవాణ్ని.

ఎందుకని అడుగుతావు. ఒకనాడు రాత్రి అన్నాల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. నేను మింగబోతే సగం మూతి నుంచి, సగం ముక్కు నుంచి వచ్చింది. నవనీత కంచం వదిలి బయటికి పోయింది. మళ్లీ రాలేదు. నా బిడ్డకు నన్ను చూస్తే అసహ్యం పుట్టింది. ఆ రోజు నుంచి గిన్నె మూతి దాకా తేలేకపోతున్నాను.

కోమల నిన్న చిట్యాల, వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. నువ్వు ఇక్కడికి రావద్దు. వచ్చి చేసేదేం లేదు.

విజేందర్


భువనగిరి
7 డిసెంబర్ 2022

విజేందర్,

నేను నీ దగ్గరికి రాలేదు. చిట్యాలకు పోయాను.

బస్సులో దారి పొడుగునా కోమలకు ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. వాళ్లమ్మ జానమ్మ వాకిట్లో కందికాయ ఒలుస్తోంది. నన్ను చూసి పీట వేసింది గాని పలకలేదు. కోమల నీళ్లు తెచ్చిచ్చింది. ఆ చెంబు పట్టుకునే, "నా నోటికి పట్టింపు లేకుండ రాసిన, తప్పయింది. ఇంటికి పోదాం నడువు" అన్నాను.

"మీ మాటకు అలిగి రాలే వదినె," అంది. "మీరు ఆయన ముఖం చూసుకుని రాసిండ్రు. నాకూ తమ్ముడుంటె గట్లనే రాద్దును. నేను వచ్చింది ఆయన మీద."

"నీకు తెలిసిందా, పారబోస్తున్నడని?"

"నిమ్మచెట్టు కింద ఈగలు ముసురుతున్నయి వదినె, నాకు కండ్లు లెవ్వా? తెల్లారి లేచి బొక్కలు ఉడకపెట్టి పనికి పోత. వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లిచ్చి ఉంటది. నేనుంటె ఆయన ఇట్లనే ఎండిపోతడు. నేను వండుడు, ఆయన పారవోసుడు. పిల్లకు పదో తరగతి, దానికన్న ఇంత వండి పెట్టమను. పొయ్యి ముంగట కూసుంటె ఆకలన్న గుర్తొస్తది. నాలికె కోసిండ్రు గాని చేతులు కొయ్యలే గదా!"

తమ్ముడా, ఆమెను తీసుకుపోదామని వెళ్లినదాన్ని, ఆమె పక్కన చేరి వచ్చాను. జానమ్మ కూడా అప్పుడు మాట్లాడింది. "నా బిడ్డ ఏడ్వనీకి రాలే, ఆయనను లేపనీకి వచ్చింది" అని.

కాబట్టి విను. నవనీత బడికి పోయే ముందు పిల్లకు వండు. ఆ పొయ్యి మీదే నీకూ వండుకో. బొక్కలు దొరకని రోజు ఉలవలు రాత్రి నానబెట్టి, మెత్తగా ఉడికించి, అదే నీళ్లతో తిప్పి వడగట్టు. కొంచెం రాగిపిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. కోడిగుడ్డు బాగా గిలక్కొట్టి, ఉడుకుతున్న షోర్వలో సన్నటి ధారగా పోసి తిప్పు, బలం. వెన్నపూస వెయ్యి. చలికాలం, ఏదీ తొందరగా పాడవదు.

నవనీత ఎందుకు లేచిపోయిందో నాకు తెలియదు. నీకూ తెలియదు. అడగకుండానే నువ్వు తేల్చేశావు. పలక ఉంది, బలపం ఉంది, పిల్ల ఎదురుగా ఉంది. అడుగు.

ఎస్తేరు


మేళ్లచెరువు
15 డిసెంబర్ 2022

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు కోపంతో రెండుసార్లు మడిచి పెట్టాను. మరునాడు పొద్దున నవనీత ఉత్త చాయ తాగి బడికి పోయింది. అప్పుడు లేచాను.

మొదటి రోజు కుక్కర్లో నీళ్లు తక్కువ పోశాను, బొక్కలు అడుగంటాయి. మాడు వాసన ఫ్యాక్టరీ వరకు పోయినట్టుంది, భిక్షం సైకిలాపి మరీ "ఏమైందన్నా!" అని అరిచాడు. రెండో రోజు మంచిగా వచ్చింది. కానీ ఒక చిక్కు వచ్చి పడింది. ఉప్పు సరిపోయిందో లేదో నాకు తెలియడం లేదు. నాలుక మీద వేడి తెలుస్తోంది, రుచి తెలియడం లేదు. గంటె పట్టుకుని నిలబడిపోయాను. చెంచాలో తీసి నవనీత ముందు పెట్టాను.

ఊదుకుని తాగింది. "ఉప్పు తక్కువైంది నాయినా. ఎల్లిగడ్డ ఎక్కువైంది. అయినా మంచిగుంది" అంది.

ఉప్పు వేశాను. మళ్లీ తాగి తలూపింది. అప్పుడు అడిగాను, పలక మీద: 'ఆ రోజు నన్ను చూసి అసహ్యమైందా?'

చదివి పలక నా చేతిలోంచి గుంజుకుంది అక్కా. నేను కొడుతుందేమో అనుకున్నాను. "అసహ్యమా?" అని ఏడ్చింది. "నువ్వు ఊపిరాడక గుడ్లు తేలేస్తుంటె నువ్వు సచ్చిపోతున్నవనుకున్న నాయినా. నీ ముంగట ఏడిస్తె నువ్వు ఇంక తాగవని బయటికి ఉరికిన. మొకం కడుక్కొని తలుపు కాడికొస్తె నువ్వు గిన్నె పక్కకు నూకి పండుకున్నవు. నా మీదనే కోపమొచ్చిందనుకున్న."

ఇన్ని రోజులూ ఆ పిల్ల అలా అనుకుంటోంది. నేను ఇలా అనుకుంటున్నాను. మధ్యలో గిన్నెడు షోర్వ రోజూ నిమ్మచెట్టుకు పోయింది.

ఆ రోజు నవనీత బడికి ఆలస్యంగా పోయింది. నా మెడ చుట్టూ తువ్వాల కట్టి, వెనక నిలబడి, "గదవ వంచు" అంది. చెంచాలో సగమే. కొంత బయటికి వచ్చింది. తుడిచింది. ఎవరం ఏమీ అనుకోలేదు. ఒక గిన్నె అయ్యేసరికి చలికాలంలోనూ నాకు చెమట పట్టింది. మధ్యాహ్నం ఒక్కణ్నే అద్దం ముందు కూర్చుని మళ్లీ తాగాను. ఎక్కడ జారుతోందో అద్దంలో చూసి తల వంపు మార్చుకుంటే కాస్త నిలబడుతోంది. ఎడమ పక్క నాలుక ఉంది కాబట్టి చెంచా ఎడమకే పెట్టాలి. ఇది ఎవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను.

ఇప్పుడు పొద్దున బొక్కలది, మధ్యాహ్నం ఉలవలది, రాత్రి గుమ్మడిది. నువ్వు చెప్పిన కోడిగుడ్డు ధారగా రాలేదు, గడ్డలు కట్టింది. మళ్లీ తిప్పాను. ఇరవై తొమ్మిదో తారీఖుకు నేను బరువెక్కి పోతాను. ఇది కోమలకు చెప్పు. నేను రాస్తే నమ్మదు.

నీ తమ్ముడు,
విజేందర్


భువనగిరి
19 డిసెంబర్ 2022

తమ్ముడా, వందనాలు, దీవెనలు, అన్నీ.

ఉత్తరం మా చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు చదువుదామనుకున్నాను. మాడిన బొక్కల కాడ నవ్వొచ్చి ఆగలేనని ఊరుకున్నాను.

కోమలకు ఫోను చేసి మొత్తం చదివి వినిపించాను. నవనీత మాటలు రెండోసారి చదవమంది. మధ్యలో ఫోను కట్టయిందేమోనని హలో హలో అన్నాను. "ఇంటున్న వదినె" అంది. చివరికి ఏమన్నదో తెలుసా? "కాయితం మీద తాగుడు మస్తు తాగుతడు వదినె. మీకు రాసిన మొదటి కాయితంల గూడ తాగుతున్న అనే రాసిండు." నిజమే కదా.

ఇంకో మాట. క్రిస్మస్ విందుకు నువ్వు పోనని నవనీతతో అన్నావట. అందరూ మటన్ తింటుంటే నీకేం పని అనుకుంటున్నావా? పోవాలి. పది మంది నడుమ కూర్చుని తాగాలి. ఇంట్లో అద్దం ముందు గెలిచింది సగమే.

ఎస్తేరు


మేళ్లచెరువు
27 డిసెంబర్ 2022

అక్కా, క్రిస్మస్ వందనాలు.

విందుకు పోనని నేను అనలేదు. విందులో 'తినను' అని రాశాను, నవనీత నీకు ఎలా చెప్పిందో. నా ఆలోచన వేరే ఉంది. చెప్తా విను.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం కోమల వచ్చింది. చెప్పకుండా వచ్చింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. నా మొహం చూడలేదు, చెప్పులు విడవకుండా నేరుగా పెరట్లోకి పోయింది. నిమ్మచెట్టు మొదట్లో మట్టి చేత్తో తడిమి చూసింది. ఎండిపోయి ఉంది. లోపలికి వచ్చి నా చెంపలు చూసింది, మెడ చూసింది. "కొంచెం మనిషివైనవు" అంది. అంతే. చీర కొంగు నడుముకు చెక్కి, "ఇన్ని బొక్కలెందుకు తెచ్చినవు?" అని అడిగింది.

అదే నా ఆలోచన. విందు కోసం మటన్ కోసిన చోట బొక్కలన్నీ అడిగి తెచ్చుకున్నాను. చర్చిలో వంటలకు వాడే పెద్ద గంజు తెచ్చాను. రాత్రి ఆరాధన అయ్యేసరికి జనం చలికి గజగజలాడుతూ బయటికి వస్తారు కదా. అప్పటికి షోర్వ వేడిగా ఉండాలని. వాళ్లకు మిరియాలు వేసి, నాకు వేయకుండా. కోమల ఆలుగడ్డలు కోసింది. ఉప్పు నవనీత చూసింది.

మన చర్చి మెట్ల పక్కన గంజు పెట్టి, నేనే గంటెతో గ్లాసుల్లో పోశాను. ముసలోళ్లు, పిల్లలు, పాటలు పాడి గొంతు పోయినోళ్లు, అందరూ తాగారు. భిక్షం మన చర్చివాడు కాదు, వాసనకే వచ్చాడు. తాగి, మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "అన్నా, ఇది నువ్వే చేసినవా?" అని. తలూపాను.

చివరకు నా గిన్నె తీసుకుని అందరి ముందు మెట్ల మీద కూర్చున్నాను. తువ్వాల కట్టుకున్నాను. కొంత కారింది. ఎదురుగా ఒక చిన్న పాప చూసి, తన గౌను అంచుతో తన మూతే తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. గిన్నె ఖాళీ చేసి లేచాను.

ఎల్లుండి హైదరాబాద్. కోమల, నేను పోతాం. ప్రార్థన చెయ్యి.

విజేందర్


భువనగిరి
3 జనవరి 2023

తమ్ముడా,

కోమల ఫోనులో అన్నీ చెప్పింది. బరువు పెరిగావు, వాళ్లు అనుకున్నంత కాదు. అయినా డాక్టరమ్మ నువ్వు గిన్నె పట్టుకుని తన ముందే తాగి చూపిస్తే, "ఇట్లా తాగేవాళ్లకు మొదలుపెట్టొచ్చు" అని ఒప్పుకుందట. సంక్రాంతి ముందే కరెంటు మొదలు. ఆరు వారాలు. నోరంతా పుండ్లు పడుతుంది, ఇప్పటికంటే కష్టమవుతుంది అని కూడా చెప్పిందట.

హైదరాబాద్‌లో మీరు తీసుకునే కిరాయి గదిలో తోడు నేనుంటానంటే కోమల, "మీరు నవనీత దగ్గరుండండి వదినె, దానికి పరీక్షలు" అంది. అందుకే ఇల్లు తాళం వేసి మేళ్లచెరువు వస్తున్నాను. పిల్లను నాకు వదిలేయండి. ఇక నా ఉత్తరాలు నీ ఇంటి నుంచే నీకు వస్తాయి.

కష్టం ముందుంది. ఆగొద్దు.

అక్క


హైదరాబాద్, దవాఖాన వెనక కిరాయి గది
9 ఫిబ్రవరి 2023

అక్కకు, నవనీతకు,

ఇద్దరికీ కలిపే రాస్తున్నాను, ఎక్కువ రాయలేను. చెయ్యి బాగానే ఉంది, ఓపిక లేదు.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. మూడో వారం నుంచి నోట్లో నిప్పులు పోసినట్టుంది. మెడ మీద తోలు నల్లబడింది. కొన్ని రోజులు ఒక్క చెంచా దిగడానికి నేనూ కోమలా కలిసి యుద్ధం చేసినట్టుంటుంది. డాక్టరమ్మ ఇచ్చిన మందు నీళ్లు పుక్కిలించి, నోరు మొద్దుబారగానే తాగాలి. మొద్దు దిగేలోపు గిన్నె అయిపోవాలి. అయిపోతోంది. పైపు పెట్టలేదు. బరువు కాస్త తగ్గింది గాని కరెంటు ఒక్కరోజు కూడా ఆపలేదు. ఇంకా రెండు వారాలుంది. అది కూడా అయిపోతుంది.

పొయ్యి దగ్గర నేనే. కోమల చూస్తుంది. ఉప్పు చూడ్డానికి నవనీత లేదని కోమల ఆ పని తీసుకుంది. ఆమె చెయ్యి ఎప్పుడూ ఉప్పు ఎక్కువే, గొంతు మండుతుంది. నవనీతా, నువ్వు పరీక్షలు మంచిగా రాయి, సెలవుల్లో నీ ఉద్యోగం నీకే.

ఇప్పుడు అసలు సంగతి. మా పక్క గదిలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన పరశురాములు అనే ఆయన ఉన్నాడు. గొర్లు కాసుకునే మనిషి. నాకైన ఆపరేషనే ఆయనకూ అయింది. ఆయన భార్య మల్లీశ్వరి నిన్న వరండాలో నిలబడి ఏడుస్తోంది. కోమల అడిగితే, "రెండు దినాలాయె, సుక్క తాగుతలేడు అక్కా. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఊరికి తీస్కపో అని సైగ జేస్తుండు" అంది.

పొయ్యి మీద ఉలవల షోర్వ ఉంది. గిన్నెలో పోసుకుని, చెంచా పెట్టుకుని ఆ గదిలోకి పోయాను. కోమల పలక తెచ్చి ఇవ్వబోయింది. ఆయనకు చదువు రాదని మల్లీశ్వరి చెప్పింది. పలక పక్కన పెట్టాను.

ఆయన మంచం మీద కూర్చుని భుజం తట్టాను. తిరిగి చూశాడు. నా మెడ చూశాడు, నల్లటి తోలు చూశాడు. చెంచాలో సగం తీసి ఆయన మూతి ఎడమ పక్కన పెట్టాను. తల అడ్డంగా ఊపాడు. మళ్లీ పెట్టాను. కళ్లు మూసుకున్నాడు.

ఆపరేషన్ అయిన నాటి నుంచి నేను ఎవరి ముందూ మాట కోసం నోరు తెరవలేదు. నా గొంతు నాకే ఎలా వినిపిస్తుందో అని భయం. ఆయన కళ్లు మూసుకునేసరికి ఇంకో దారి కనపడలేదు. నోరు తెరిచి, మంటను పట్టించుకోకుండా అన్నాను. "తాగన్నా."

నా నోట్లోంచి వచ్చింది సరిగ్గా ఆ మాట కాదు. మొదటి అక్షరం రాలేదు, రెండోది ముద్దగా వచ్చింది. గుమ్మం దగ్గర కోమల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మల్లీశ్వరి, "ఏమంటుండు?" అని అడిగింది. ఆమెకు అర్థం కాలేదు.

పరశురాములు కళ్లు తెరిచాడు. గదవ కిందికి వంచి, నోరు తెరిచాడు.

విజేందర్